బ్రాంట్ హాలోకి రాని రైలు

రైళ్లు తిరగడం మానేసిన స్టేషన్లు అమెరికాలో చాలా ఊళ్లలో కనిపిస్తాయి. కొన్నింటిని హోటళ్లు చేశారు. కొన్నింట్లో ఐస్‌క్రీం అమ్ముతున్నారు. నేను చూసి వచ్చింది అలాంటిది కాదు. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఆ స్టేషన్‌కి ఒక్క రైలు కూడా రాలేదు. ప్లాట్‌ఫారం ఉంది, టికెట్ కిటికీ ఉంది, గోడ గడియారం ఉంది. పట్టాలు మాత్రం ఏనాడూ లేవు. అయినా ఆ ఊరివాళ్లు ఏడాదికోసారి మంచి బట్టలు వేసుకొని వచ్చి, అక్కడ కూర్చొని రైలు కోసం ఎదురుచూస్తారు. ఈ సంగతి మొదట విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది.

పార్సిప్పనీ

మేముండేది పార్సిప్పనీలో. నిజానికి ఆ వారాంతం మేము పిస్కాటవేలో ఉండాలి. సుజాత గృహప్రవేశం. అక్కడ ఎమ్మెస్ చదివే రోజుల్లో సుజాతా నేనూ ఒకే గదిలో, నేల మీద ఒకే పరుపు వేసుకొని పడుకున్నవాళ్లం. అలాంటి మనిషి తన కొత్త ఇంటికి నన్ను గ్రూప్ మెసేజ్‌లో పిలిచింది. 'అందరూ తప్పక రావాలి' అట. ఆ అందరిలో వాళ్లాయన జిమ్ స్నేహితులు కూడా ఉన్నారు. మా రాజమండ్రిలో ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకొని గడప గడపకీ వెళ్లి, బొట్టు పెట్టి పిలుస్తారు. ట్రాఫిక్‌లో పడి వచ్చి బొట్టు పెట్టమని నేను అడగలేదు. ఒక్క ఫోన్ చేసి నా పేరు పెట్టి రమ్మంటే చాలు.

"బిజీగా ఉండి ఉంటుంది. నువ్వే కాల్ చేసి విష్ చెయ్యి, అయిపోతుంది," అన్నాడు మా ఆయన శ్రీనివాస్.

"నన్ను పేరు పెట్టి పిలవని ఇంటికి నేను రాను."

"సరే, మరి ఆ వీకెండ్ ఏం చేద్దాం?"

"ఊళ్లో మాత్రం ఉండకూడదు."

నేను కౌంటీలో కల్వర్టులు తనిఖీ చేసే సివిల్ ఇంజనీరుని. రోడ్ల కింద వాన నీళ్లు పోయే తూములన్న మాట. పెన్సిల్వేనియా కొండల్లో ఒక పాత రైలు బ్రాంచి లైన్ ఉందనీ, దాని రాతి తూములు ఇప్పటికీ చెక్కుచెదరలేదనీ మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడో ఫొటో చూపించాడు. నేను రాసిన రిపోర్టు మీద నా పేరుకి ముందు తన పేరు వేసుకున్న మనిషే ఈయన. ఆ సంగతి నేను మర్చిపోలేదు, ఆ ఫొటోనీ మర్చిపోలేదు. శుక్రవారం సెలవు పెట్టి, పులిహోర డబ్బా కట్టుకొని బయలుదేరాం.

కోల్‌బర్న్

హైవే దిగాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. శ్రీనివాస్ ఒకే వంతెనని మూడుసార్లు దాటించాడు. మూడోసారి ఆ వంతెన పక్కన చేపలు పడుతున్న పెద్దాయన మాకు చెయ్యి ఊపాడు.

కోల్‌బర్న్ ఆ బ్రాంచి లైన్‌కి చివరి ఊరు. చుట్టూ పలక రాయి గనులు. మనం చిన్నప్పుడు బలపంతో రాసుకున్న పలకల రాయే. ఇక్కడ ఇళ్ల కప్పులన్నీ దాంతోనే కప్పారు. వాన పడితే ఊరు మొత్తం అప్పుడే తడిగుడ్డతో తుడిచిన పలకలా మెరుస్తుంది. ఆ రాయిని బయటి ప్రపంచానికి మోయడానికే ఈ లైన్ వేశారు. గనులు మూతపడ్డాక పట్టాలు పీకేశారు. ఇప్పుడది నడకదారి.

మేము దిగింది ఎలెన్ అనే పెద్దావిడ ఇంట్లో. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు బడిలో సంగీతం టీచరు. పాతకాలపు ఇల్లు, పైన రెండు గదులు అద్దెకిస్తారు. లోయ కనిపించే గది అని ప్రకటనలో రాసి, మాకిచ్చిన గది కిటికీ లోంచి చూస్తే కనిపించింది చెత్త డబ్బాలు. శ్రీనివాస్ వద్దంటున్నా నేను కిందికి వెళ్లి చెప్పాను. ఎలెన్ వాదించలేదు. కిటికీ దాకా వచ్చి చూసి, "నువ్వు చెప్పింది నిజమే హనీ, నేనైనా ఊరుకోను," అని తన సొంత గది ఖాళీ చేసి మాకిచ్చారు. నేను ఈ దేశం వచ్చాక చేసిన ఫిర్యాదుల్లో ఇంత తొందరగా తీరింది ఇదొక్కటే.

రాత్రి భోజనానికి మా పులిహోర పెట్టాం. ఆవిడ చౌచౌ అనే పచ్చడి తెచ్చారు. క్యాబేజీ, బీన్స్, కాలీఫ్లవర్ ముక్కలు వెనిగర్‌లో ఊరబెట్టి అందులో పంచదార పోస్తారు. పచ్చడిలో పంచదార ఏమిటని మనసులో అనుకున్నాను. శ్రీనివాస్ మాత్రం రెండుసార్లు వడ్డించుకొని, పులిహోరతో సూపర్ కాంబినేషన్ అన్నాడు. మా అమ్మ పంపిన ఆవకాయని అతను ఎన్నడూ అలా మెచ్చుకోలేదు.

భోజనాల దగ్గరే ఎలెన్ తన కథ చెప్పారు. ఈ లైన్‌కి దారి కొలిచి గుర్తించిన సర్వేయరు ఆవిడ ముత్తాత. మొదటి ప్లాను ప్రకారం లైన్ బ్రాంట్ హాలో అనే ఊరి మీదుగా రావాలి. ముత్తాత ఆ ఊళ్లోనే మకాం పెట్టాడు. వాళ్ల ఇళ్లలో తిన్నాడు. ఊరి మధ్యలోంచి వంద అడుగులకొక కొయ్య మేకు దిగ్గొట్టుకుంటూ పోయాడు. రైలు వస్తుందన్న సంబరంతో ఊరివాళ్లు భూమి ఇచ్చారు. పట్టాలు పడకముందే చందాలేసుకొని స్టేషన్ కట్టారు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మేకులు లేవు. లైన్ కొండ చుట్టూ తిరిగి, వాగు వెంట కోల్‌బర్న్‌కి వెళ్లిపోయింది. ఎందుకో చెప్పడానికి ఎవరూ రాలేదు.

మొదటి రైలు రావాల్సిన ఆదివారాన్ని బ్రాంట్ హాలో వాళ్లు వదల్లేదు. ఏటా జూన్‌లో ఆ రోజున ప్లాట్‌ఫారం మీద కూర్చుంటారు. అందరి కుర్చీలతోపాటు ఒక ఖాళీ కుర్చీ కూడా వేస్తారు. దాని వీపు మీద 'సర్వేయరు' అని రాసి ఉంటుంది.

"ఊరంతా కలిసి మమ్మల్ని వెక్కిరించడానికి వేసే కుర్చీ అది," అన్నారు ఎలెన్. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి వాళ్ల నాన్న ఆవిణ్ణి ఆ ఊరి మీదుగా కారులో తీసుకెళ్లాడట. స్టేషన్ దగ్గరికి రాగానే కారు వేగం పెంచాడట. తర్వాత ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. ఉన్నది పక్క లోయలోనే.

ఇల్లు అమ్మేశారు. వచ్చే నెల అరిజోనాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఎల్లుండే ఆ ఆదివారం. ఆవిడ ఇక్కడ ఉండగా వచ్చే చివరిది.

"ఒక్కసారి ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడాలని ఉంది. కానీ పిలవకుండా ఎలా వెళ్తాను?" అన్నారు.

శ్రీనివాస్ నా వైపు చూశాడు. నేను చౌచౌ వైపు చూశాను.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా మనసు బ్రాంట్ హాలో పక్షానే ఉంది. ఇంట్లో అన్నం తిని, చెప్పాపెట్టకుండా మేకులు పీక్కుపోయిన మనిషిని అన్ని తరాలుగా గుర్తుపెట్టుకున్నారంటే, వాళ్లు నాకు తగిన మనుషులు.

వాగు వెంట

శనివారం ఉదయం ఎలెన్ మమ్మల్ని లైన్ వెంట నడిపించారు. నేను రోజూ కాంక్రీటుతో బతికే మనిషిని. అక్కడ కనిపించిన ప్రతి రాయి దగ్గరా ఆగిపోయాను.

ముందు కోత. కొండ అడ్డమొస్తే దాన్ని నిలువునా కోసుకుంటూ పోయారు. రెండు పక్కలా మూడంతస్తుల ఎత్తున రాతి గోడలు. ఆ గోడల మీద నిలువుగా సగం గొట్టాల్లాంటి గాడులు. మందుగుండు పెట్టడానికి వేసిన రంధ్రాలవి. ఒక మనిషి ఉక్కు ములుకు పట్టుకుంటాడు, ఇంకొకరు సమ్మెటతో కొడతారు, ప్రతి దెబ్బకీ ములుకు కొంచెం తిప్పుతారు. అలా ఒక్కొక్క రంధ్రం. యంత్రం లేదు. నేను వేలు పెట్టి చూశాను. ఒక దెబ్బ ఎక్కడ ఆగిందో, మరో దెబ్బ ఎక్కడ మొదలైందో చేతికి తెలుస్తోంది. సముద్రాలు దాటి పని కోసం వచ్చినవాళ్ల చేతులవి. వాళ్లలో చాలామంది సంతకం చేసిన చోటు ఈ గోడ ఒక్కటే అయి ఉంటుంది.

కోత దాటగానే లోయ, లోయ మీద మట్టికట్ట. కోతలో తవ్విన రాయీ మట్టీ గుర్రపు బళ్ల మీద తెచ్చి ఈ కట్ట పోశారు. తవ్వింది ఇక్కడ సరిగ్గా సరిపోవాలి. మిగిలితే పారబొయ్యాలి, చాలకపోతే మళ్లీ తవ్వాలి. ఆ లెక్క ఆ సర్వేయరు కాగితం మీద ముందే వేశాడు. పలక రాయి బరువు లాగే ఇంజను ఎక్కగలిగేంత వాలు, అంతకు మించి ఒక్క పిసరు ఎక్కువ లేదు. నడుస్తుంటే కాళ్లకి ఎక్కుతున్నట్టే తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం ఊరు ఎక్కడో కింద ఉంటుంది.

కట్ట కింద నా తూము. ఫొటోలో చూసినదే. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా చెక్కిన రాళ్లని కమానుగా పేర్చారు. లోపలికి వంగి వెళ్లాను. వాగు చీలమండల దాకా చల్లగా పారుతోంది. నెత్తి మీద కొండంత మట్టి ఉన్నా ఒక్క రాయి కదల్లేదు. కోత పైకి కూడా ఎక్కాను. రైల్లో వెళ్లేవాళ్లకి ఎన్నడూ కనిపించని చోట, వాన నీరు కోతలోకి జారకుండా మళ్లించే చిన్న కాలువ తవ్వి ఉంది. ఆకులు పడి నిండినా ఇంకా పని చేస్తోంది. నేను తనిఖీకి వెళ్లే కొత్త రోడ్ల మీద ఈ కాలువ ఎందుకు తవ్వలేదని అడిగితే, బడ్జెట్‌లో లేదంటారు.

"వసుధా, ఇంకెంతసేపు? నా షూస్‌లోకి నీళ్లొచ్చేశాయి," అని బయట్నుంచి శ్రీనివాస్ కేకేశాడు. నేను బదులివ్వలేదు. గుళ్లో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే బదులివ్వం కదా.

ఆగిపోయిన కోత

మధ్యాహ్నం ఎలెన్ మమ్మల్ని దారి వదిలి అడవిలోకి తీసుకెళ్లారు. అక్కడ ఇంకో కోత ఉంది. బ్రాంట్ హాలో వైపు వెళ్లే కోత. కొంత దూరం అదే శ్రద్ధ, అవే గాడులు. తర్వాత ఒక్కసారిగా రాయి అయిపోయి మట్టిగోడ వస్తుంది. పని అక్కడ ఆగిపోయింది.

నేను ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకున్నాను. బూడిద రంగు బంక. నొక్కితే సబ్బులా జారింది. గోడ అడుగునుంచి నీరు ఊరుతోంది, ఎండలు ముదిరిన జూన్‌లో. పైన చెట్లన్నీ మొదలు దగ్గర వంగి, తర్వాత నిటారుగా పెరిగాయి. ఆ కొండ ఇంకా మెల్లగా జారుతూనే ఉందని దానర్థం. నేల జరిగినప్పుడల్లా చెట్టు వంగి, మళ్లీ ఆకాశం వైపు తిరుగుతుంది.

ఇక్కడ కొండ జారి ఇద్దరు మనుషులు పోయారని ఎలెన్ చెప్పారు. ఆ మర్నాడే ముత్తాత మేకులు పీకించాడని వాళ్ల ఇంట్లో చెప్పుకునేవాళ్లట.

"నేనైనా ఇక్కడ లైన్ వెయ్యను. ఆయన చేసింది సరైన పని," అన్నాను. నా వృత్తిలో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"కొండ విషయంలో సరైనదే," అన్నారు ఎలెన్. ఆవిడ కూడా ఆ మట్టిని తాకి చూసి, చేతికంటిన బంకని ఆకుతో తుడుచుకున్నారు. తర్వాత, "నేను రేపు వెళ్తాను. మీ కారులో తీసుకెళ్తారా?" అని అడిగారు.

బ్రాంట్ హాలో

ఆదివారం ఎలెన్ నీలం గౌను వేసుకొని, యాపిల్ ముక్కలు కూరి కాల్చిన పై అనే వంటకం పళ్లెం ఒళ్లో పెట్టుకొని వెనక సీట్లో కూర్చున్నారు. దారిలో డైనర్‌లో ఆగి ఆమ్లెట్లు తిన్నాం. ముగ్గురికీ కలిపి నలభై డాలర్లు కాలేదు. మా పార్సిప్పనీలో ఆ డబ్బుకి రెండు దోసెలు వస్తే గొప్ప. సర్వర్ నా ఆర్డరు కూడా మా ఆయన్నే అడిగింది. నేను గుర్తుపెట్టుకున్నాను. ఎలెన్ తన ఆమ్లెట్టే కాదు, కాఫీ కూడా ముట్టుకోలేదు.

ఊరు చిన్నది. నాలుగు వీధులు, ఒక చర్చి. మలుపు తిరగగానే స్టేషన్. నేను శ్రీనివాస్‌ని కారు ఆపమన్నాను.

పలక రాయి కప్పు, చెక్కిన కొయ్య దూలాలు, దంతపు రంగు వేసిన గోడలు. ఆ రంగు ఈ వసంతంలో వేసిందే. కిటికీ అద్దాలు తళతళలాడుతున్నాయి. ప్లాట్‌ఫారం అంచున రాళ్లు వరసగా ఉన్నాయి, కానీ ఒక్కటీ అరగలేదు. రాజమండ్రి స్టేషన్‌లో మెట్లు కోట్ల కాళ్ల కింద పడి గిన్నెల్లా గుంటపడి ఉంటాయి. ఇక్కడి మెట్లు నిన్న చెక్కినట్టున్నాయి. రైలుండాల్సిన చోట పచ్చిక, దాన్నిండా తెల్లటి గడ్డిపూలు. చందాలేసుకొని కట్టుకున్న ఒక ఆశని ఇన్ని తరాలుగా ఊడ్చి, తుడిచి, రంగులేసి ఉంచారు. నేను తాజ్‌మహల్ చూశాను. అక్కడ కూడా ఇలా కళ్లార్పకుండా చూడలేదు.

నలభై మంది దాకా ఉన్నారు. మగవాళ్లు కోట్లలో, ఆడవాళ్లు టోపీలతో. కొందరి పక్కన సూట్‌కేసులు కూడా. వరస మధ్యలో ఖాళీ కుర్చీ.

ఎలెన్ కారు దిగలేదు. "వెళ్లిపోదాం," అన్నారు.

శ్రీనివాస్ ఇంజను ఆపలేదు, కారు కదిలించనూ లేదు. ఈలోగా పొడుగాటి మనిషి ఒకాయన జేబుగడియారం గొలుసు సర్దుకుంటూ మా దగ్గరికొచ్చారు. పేరు వాల్ట్. స్టేషన్ తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. చూడ్డానికి వచ్చిన వాళ్లమనుకొని, చోటుంది, కూర్చోండి అన్నారు. అప్పుడు ఎలెన్ కిటికీ దించి తానెవరో చెప్పారు.

వాల్ట్ చెయ్యి గొలుసు మీదే ఆగిపోయింది.

"ఇన్నేళ్లూ రాలేదేం?" అన్నారు.

"మమ్మల్ని ఎవరూ పిలవలేదు."

"ఏటా కుర్చీ వేస్తూనే ఉన్నాం కదా మేడమ్."

"అది మమ్మల్ని వెక్కిరించడానికని మా నాన్న చెప్పేవాడు."

"మా తాత వెక్కిరించడానికే వేసేవాడు. వాళ్ల నాన్న వేశాడు కాబట్టి మా నాన్న వేశాడు. నేను మాత్రం ఎవరైనా వస్తారేమోనని వేస్తున్నాను," అని వాల్ట్ కారు తలుపు తీశారు.

వీళ్లు పిలుపు కోసం, వాళ్లు రాక కోసం, కొండకి చెరోపక్క. నేను సీటు బెల్టు పట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. "దిగవా?" అన్నాడు శ్రీనివాస్. ఆ మూడు అక్షరాల్లో పిస్కాటవే కూడా ఉందని నాకు తెలుసు.

ఎలెన్ ప్లాట్‌ఫారం ఎక్కారు. వాల్ట్ ఆవిడెవరో అందరికీ చెప్పారు. ఎలెన్ కుర్చీలో కూర్చోకుండా, ఒక చేత్తో పై పళ్లెం, రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకొని నిలబడ్డారు. కొండలో ఊరే నీటి గురించీ, పోయిన ఇద్దరి గురించీ చెప్పారు. బడి పిల్లలకి పాఠం చెప్పిన గొంతు కదా, చివరి వరస దాకా వినిపించింది.

"కొండ విషయంలో మా ముత్తాత చేసింది సరైనదే. కానీ ఆయన మీ అన్నం తిన్నాడు. కిందికి దిగొచ్చి మీకు చెప్పి ఉండాలి. చెప్పలేదు. అది చెప్పడానికే వచ్చాను."

ముందు వరసలో ఊదారంగు టోపీ పెట్టుకున్న ముసలావిడ తల ఊపింది. "మా నాయనమ్మ అనేది అదే. రైలు పోతే పోయింది, ఒక్క మాట చెప్పాల్సింది అని. ఇంక కూర్చో, ఆ పై పళ్లెం ఇటివ్వు, చెయ్యి నొప్పెడుతుంది."

ఎలెన్ కూర్చున్నారు. ఒక పెద్దాయన మాత్రం లేచి, తన కుర్చీ ఎత్తుకుపోయి ప్లాట్‌ఫారం ఆ చివర వేసుకొని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. అతన్ని ఎవరూ బతిమాలలేదు. నాకు అతని మీద గౌరవం కలిగింది.

తర్వాత అందరూ ఎదురుచూశారు. నేను నవ్వొస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. గాలికి గడ్డిపూలు ఒక పక్కకి వాలి మళ్లీ లేస్తున్నాయి. అన్ని ముఖాలూ కొండ వైపే. ఒక క్షణం నాకూ లేని పట్టాల మీద చప్పుడు వినిపించినట్టయింది. వాల్ట్ గడియారం తీసి, ప్లాట్‌ఫారం అంచుకి వెళ్లి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశారు. వెనక్కి తిరిగి, "లేటు," అన్నారు. అందరూ లేచి, తెచ్చుకున్న పైలు కోసుకున్నారు. ఎలెన్ మాత్రం ఇంకాసేపు ఆ కుర్చీలోనే ఉన్నారు. ముక్క తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చారు.

పిస్కాటవే

ఇంటికొచ్చాక నేనేమీ మారలేదు. గ్రూప్ మెసేజ్ తప్పే. ఇప్పటికీ అదే అంటాను. అయితే శ్రావణమాసంలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఉంది. పేరంటానికి ఎలా పిలవాలో కొందరికి తెలియకపోతే చేసి చూపించాలి కదా. కుంకుమ భరిణె పట్టుకొని పిస్కాటవే వెళ్లాను. శ్రీనివాస్ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. తెలివైనవాడు.

సుజాత తలుపు తీసి నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయింది. తిరిగి వెళ్లిపోదామా అనుకునేంతలో పసుపు రంగు తాంబూలం సంచితో వచ్చింది. గృహప్రవేశం నాటిది. మిగతా సంచుల మీద ఏముందో తెలియదు గానీ దీని మీద నా పేరుంది. లోపలి కొబ్బరికాయ ఎండిపోయి కుడుక అయింది, ఊపితే గలగలమంటోంది.

నేను భరిణె మూత తీశాను. సుజాత నుదురు ముందుకు వంచింది.

గ్రూప్ మెసేజ్ సంగతి కాఫీ తాగాక అడిగాను.